రెండు గంటల మార్సలి

మా దీవిలో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. అమ్మానాన్నలు పెట్టేది చర్చి పుస్తకంలో రాసుకోవడానికి. ఊరు పెట్టేది బతకడానికి. ఇక్కడ సగం మందికి ఒకటే ఇంటిపేరు. తిప్పి తిప్పి అవే నాలుగైదు పేర్లు పిల్లలకు పెడతారు. ఊరు పెట్టిన పేరు లేకపోతే ఉత్తరం కూడా సరైన గుమ్మానికి చేరదు. ఆ పేరేమో మనం చేసిన ఒక్క తెలివితక్కువ పనిని బట్టి వస్తుంది. నూరు మంచి పనులు చెయ్యండి, ఒక్కటీ ఎవరికీ గుర్తుండదు. సంతలో గొర్రెను అమ్మబోయి, తాగిన మైకంలో దానితోపాటు కుక్కను కూడా ఇచ్చేసి వచ్చినవాడొకడు ఉండేవాడు. వాడి మనవడు ఇవాళ ఓడల కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఊళ్ళోకి వస్తే అతను 'కుక్కనిచ్చినవాడి డోనల్డ్' మాత్రమే.

మా అన్న భార్య మార్సలికి 'రెండు గంటల మార్సలి' అని పేరు. పదకొండేళ్ళ కింద ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. ఆ పేరు ఎక్కడ వినబడినా నేను అక్కడి నుంచి తప్పుకునేదాన్ని. షాపులో విన్నా, చర్చి మెట్ల మీద విన్నా, ఎవరో ఏదో అనబోతున్నారని అనిపించేది. పదకొండేళ్ళు అలా భయపడుతూనే గడిపాను. నాకిప్పుడు డెబ్భై నాలుగు. మార్సలిని మట్టి చేసి నెలైంది. ఇక చెప్పేస్తాను.

మార్సలి మా సముద్రపు మనిషి కాదు. ఆమె పుట్టింది ఓడలో రెండు గంటల ప్రయాణం అవతల, స్కాట్లండు పశ్చిమ తీరపు కొండల్లో. ఆ ఇంటి గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపిస్తుందట గానీ, దూరంగా, కింద, గోడకు వేలాడేసిన బొమ్మలా. మా అన్న టోర్మోడ్ గొర్రెల బొచ్చు కత్తిరించే పనికి అటు వెళ్ళి, పని ముగించుకొని ఈమెను చేసుకొచ్చాడు. పెళ్ళైన రెండో రోజే ట్రాక్టరు తొట్టిలో కూర్చోబెట్టి ఓరసే తీసుకెళ్ళాడు.

ఓరసే మా ఇంటి ఎదుట ఉన్న చిన్న దీవి. రోజుకు రెండుసార్లు ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి వెళ్ళిపోతే, మధ్యలో రెండు కిలోమీటర్ల ఇసుక తేలుతుంది. నడిచి వెళ్ళిపోవచ్చు. పోటు మొదలైతే అదే ఇసుక మీద మనిషికి రెండు నిలువుల నీరు. ఆ ఇసుకను అడ్డంగా కోస్తూ రెండు పాయలు పారతాయి. దీవి పక్కన చిన్న పాయ, మా గట్టు పక్కన పెద్ద పాయ. పోటు నీళ్ళు ఇసుక మీదికి ఎక్కేముందు ఈ పాయల్లోంచే దొంగలా వస్తాయి. మా పశువులు ఓరసేలో మేసేవి కనుక మాకది రోజూ నడిచే వీధి. ఆ రోజు టోర్మోడ్ కొత్త పెళ్ళాం ముందు మగతనం చూపించబోయి, నీళ్ళు చక్రాల ఇరుసు దాకా వచ్చాక పాయలోకి దించాడు. మార్సలి తొట్టి అంచు పట్టుకొని అరిచిన అరుపు ఇంట్లో ఉన్న నాకు వినబడింది. ఇంటికొచ్చాక గంటసేపు వణికింది. టోర్మోడ్ నవ్వుతూనే ఉన్నాడు.

అందరూ అనుకున్నట్టు ఆమె ఇంట్లో కూర్చోలేదు. మర్నాటి నుంచి ఒక కర్ర పట్టుకొని ఇసుకలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. ప్రతి ఆటుకూ, వానలో, గాలిలో, ఏడాది పాటు. ఎక్కడ ఇసుక గట్టిగా ఉంటుంది, ఎక్కడ కాలు దిగబడుతుంది, ఏ రాయి ముందు మునుగుతుంది, అంతా కర్రతో పొడిచి పొడిచి తెలుసుకుంది.

"అంత భయమైతే ఎందుకే పోతావు?" అని నేను అడిగాను.

"భయం కాబట్టే పోతున్నాను. నీకేం, నువ్వు ఇక్కడ పుట్టినదానివి, కళ్ళు మూసుకుని నడుస్తావు. కళ్ళు మూసుకున్నవాళ్ళనే అది మింగుతుంది," అంది.

మా నాన్న ఆలన్ ఆ మాట విని తల పంకించాడు. ఆయన ఎవరి మాటకూ తల పంకించే మనిషి కాదు. పైగా ఆటుపోట్ల లెక్క ఇంట్లో ఆయన సొత్తు. ఆటుపోట్ల టైములు వేసిన పుస్తకం ఒకటి ఏటా వస్తుంది. అందులో ఏడాది పొడుగునా చలికాలపు గడియారమే. మార్చి ఆఖర్లో దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పుతారు కానీ పుస్తకం తిప్పదు. కాబట్టి వేసవిలో పుస్తకంలో చూసిన టైముకు గంట కలుపుకోవాలి. మా నాన్న గోడ గడియారాన్ని ఎన్నడూ తిప్పలేదు. "పార్లమెంటు చెప్తే సూర్యుడు లేస్తాడంట్రా?" అనేవాడు. ఆయనది దేవుడి టైము, మిగతా లోకానిది లండను టైము. ఈ రెంటి మధ్య మాకు మతిపోకుండా ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. పుస్తకం ఎవరైనా చూడొచ్చు. చూసింది చూసినట్టు పలక మీద రాయాలి. గంట కలిపి, ఆ టైము చుట్టూ సున్నా చుట్టేది మాత్రం ఇంట్లో ఒక్కరే. రెండో మనిషి తప్పకుండా అడగాలి: "గంట కలిపావా?" కలిపినవాళ్ళు "కలిపాను" అనాలి. అప్పుడే గుమ్మం దాటాలి.

పోయే ముందు ఆ కలిపే పనిని ఆయన కొడుక్కి ఇవ్వలేదు, నాకివ్వలేదు. మార్సలికి ఇచ్చాడు. నాకు మనసులో చివుక్కుమంది. అబద్ధమెందుకు చెప్పాలి.

టోర్మోడ్ యాభై రెండేళ్ళకే ఊపిరితిత్తుల జబ్బుతో మంచంలో పోయాడు. మార్సలి కొన్నేళ్ళు బడి బస్సు నడిపింది. తరువాత తొమ్మిది సీట్ల వ్యాను కొని, పర్యాటకులను తిప్పడం మొదలుపెట్టింది. పదేసి రోజుల ప్రయాణం. ముందు తను పుట్టిన కొండలు, ఆ కొండల కింద నల్లటి సరస్సులు, ఆ తరువాత ఓడెక్కి మా దీవులు. ఏడుగురికి మించి ఎక్కించుకునేది కాదు. వంటకు, వెనక కాపలాకు నన్ను పెట్టుకుంది. నేను పెళ్ళి చేసుకోలేదు, చేతిలో వేరే పనీ లేదు. ముందు తను, మధ్యలో వాళ్ళు, చివర నేను. ప్రతివాళ్ళకూ ఒక అంకె. దారిలో ఆమె "అందరూ?" అని కేకేస్తే ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా పలకాలి. ఏడు అయ్యాక నేను "ఎనిమిది" అనాలి. గంటకు నాలుగుసార్లు పలికించేది. దీవులు చూడ్డానికి వచ్చామా, బడికి వచ్చామా అని కొందరు విసుక్కునేవాళ్ళు.

"విసుక్కోండి. బతికున్నవాళ్ళే విసుక్కుంటారు," అనేది.

ఆ ప్రయాణంలో ఆఖరి ముచ్చట ఓరసే నడక. పదిహేనేళ్ళలో దాదాపు నూరుసార్లు దాటించింది. నూరుసార్లూ ముందురోజు రాత్రి ఆమెకు అన్నం సహించేది కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆ పేరు వచ్చిన ఏడాది, జూన్ నెల. అమావాస్య వెళ్ళి రెండు రోజులు. అమావాస్యకు, పున్నమికి పోటు పొంగు ఎక్కువ. ఓరసే నడకకు ముందు రోజు నేనొక తప్పు చేశాను. ఏడుగురికి బదులు ఆరుగురికే మధ్యాహ్నం పొట్లాలు కట్టాను. మార్సలి తన పొట్లం తీసి ఇచ్చేసి, అందరి ముందూ అంది: "మా ఆడపడుచుకు ఏడు దాకా లెక్క రాదు. గొర్రెలు తక్కువైతే తోడేలు తినిందనుకుంటుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండింది.

మర్నాడు పొద్దున వ్యాను టైరు గాలి పోయింది. మార్సలి కింద కూర్చుని చక్రం మారుస్తూ, "షోనా, పుస్తకం చూసి ఆటు టైము వ్యానులో పలక మీద రాయవే," అంది. చూశాను. నీళ్ళు పూర్తిగా దిగేది పదకొండు నలభైకి. చూసింది చూసినట్టు రాయాలి. కానీ నిన్నటి మంట ఇంకా చల్లారలేదు. నాకు లెక్క రాదా, చూపిస్తాను అనుకుని, గంట నేనే కలిపి పన్నెండు నలభై అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆమె లోపలికి రాగానే, "కలపడం కూడా అయిపోయింది వదినా, సున్నా చుట్టుకో చాలు," అనాలని మాట సిద్ధం చేసుకున్నాను.

ఇంతలో వ్యాను తలుపులో వేలు పడి ఒకామె కెవ్వుమంది. గుద్రున్ అని, డెబ్భై దాటిన జర్మనీ ఆవిడ, చేతికర్రతో నడుస్తుంది. ఆవిడది ఐదో అంకె. రక్తం కారుతోంది. నేను వ్యాను వెనక్కి పరిగెత్తి కట్టు కట్టే గుడ్డ కోసం పెట్టెలన్నీ తిరగేశాను. మార్సలి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చి, పలక చూసి, కింద ఒకటి నలభై అని రాసి సున్నా చుట్టింది.

నేను వెనక నుంచి అలవాటుగా అడిగాను. "గంట కలిపావా వదినా?"

"కలిపాను."

నేను "సరే" అన్నాను. నోరు అడిగింది, చెవి విన్నది, బుర్ర మాత్రం గుద్రున్ వేలి దగ్గరే ఉంది. మమ్మల్ని కాపాడడానికి మా నాన్న పెట్టిన మాట మా ఇద్దరి నోట్లో నుంచీ సక్రమంగా వచ్చింది, దాంతో ఇద్దరం నిశ్చింతగా గుమ్మం దాటాం.

పన్నెండుంబావుకు ఇసుకలోకి దిగాం. పాయల్లో మడమ లోతు నీళ్ళు కూడా లేవు. ఓరసే అవతలి ఒడ్డున కూర్చుని ఓట్స్ రొట్టె, జున్ను, చల్లారిన పంది మాంసం తిన్నాం. అక్కడి నుంచి ఇసుకదారి కనిపించదు, మధ్యలో గుట్ట అడ్డం. ఆటు టైము తరువాత రెండున్నర గంటల దాకా ఇసుక దాటొచ్చు. మార్సలి లెక్క ప్రకారం మూడుంబావుకు బయల్దేరితే నాలుగు లోపల ఇల్లు చేరతాం, ఇంకా పావుగంట మిగులుతుంది. అలాగే బయల్దేరాం.

చిన్న పాయ దగ్గర నీళ్ళు చీలమండ దాటి ఉన్నాయి. మార్సలి ఆగింది. రెండు రోజులుగా కొండ మీద వాన. వాన నీరు కావచ్చు. గడియారం చూసుకుంది, లోపలే లెక్క వేసుకున్నట్టు పెదవులు కదిలాయి. తరువాత, "పదండి," అంది. ఆ ఒక్క క్షణం నన్నడిగి ఉంటే చెప్పేదాన్నా? నాకే గుర్తు లేదు కదా, ఏం చెప్తాను?

మధ్య ఇసుక దాదాపు దాటాక ఆమె మళ్ళీ ఆగింది. ఈసారి చెయ్యెత్తి అందరినీ ఆపింది. ఎదురుగా పెద్ద పాయ ఉండాల్సిన చోట వెడల్పాటి ఏరు, ముదురు రంగులో, లోపలికి పారుతోంది. సముద్రం నుంచి మా వైపు. ఆ వైపు పారకూడదు. ఆ టైముకు పారకూడదు.

వెనక్కి తిరిగి చూశాను. మేము దాటి వచ్చిన చిన్న పాయ గట్లు కనిపించడం లేదు. అది ఇరుకు, అంచులు నిటారు, నిండితే కాలవలా నిండుతుంది. ఒక పక్షి దాని మీద తేలుతూ వేగంగా కొట్టుకుపోతోంది. మేము తొమ్మిది మందిమి రెండు నీళ్ళ మధ్య ఒక ఇసుకమేట మీద ఉన్నాం. అది కూడా అంచుల్లో తడుస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. పలక. పన్నెండు నలభై. నా అక్షరాలు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళకు ఎంత భయపడ్డానో, ఆ గుర్తొచ్చినదానికి అంతకు రెండింతలు భయపడ్డాను. మార్సలి తల తిప్పింది. ఏడుగురి మీదుగా నన్నే చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. లెక్క సరిపోయినవాళ్ళ మొహం అది. ఆమెకు తెలిసిపోయింది, తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

తరువాత మిగతా వాళ్ళ వైపు తిరిగి, "నా వల్ల తప్పు జరిగింది. గంట ఎక్కువ కలిపాను. పోటు ముందే వచ్చేసింది," అంది.

క్లిఫర్డ్ అని, పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన ఇంగ్లీషు ఆయన, ఆరడుగుల మనిషి, ఎదురుగా గట్టు మీద కనిపిస్తున్న మా వ్యానును చూపించాడు. నిండా మూడొందల గజాలు లేదు. "అదుగో బండి. ఇంత దగ్గరలో ఉంది. చేతులు పట్టుకుని తిన్నగా దాటేద్దాం," అన్నాడు.

"తిన్నగా పోతే మధ్యలో మీ నెత్తి మీద నాలుగడుగుల నీళ్ళుంటాయి సార్."

"మరి?"

మార్సలి కర్రతో చూపించింది. గట్టు వైపు కాదు, ఇంటి వైపు కాదు. పడమటికి, సముద్రం వైపు, పోటు వస్తున్న వైపు. "అర కిలోమీటరు అటు నడవాలి. మా మామగారు పశువులను దాటించిన రేవు అక్కడుంది. పాయ అక్కడ వెడల్పు. వెడల్పైన చోటే లోతు తక్కువ. తొడల దాకా వస్తాయి, అంతే."

ఎవరూ కదల్లేదు. కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. వాళ్ళాయన ఫోను పైకెత్తి సిగ్నలు వెతుకుతున్నాడు. అక్కడ ఎప్పుడూ ఉండదు. హాలండు నుంచి వచ్చిన ఇద్దరు నర్సులు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. క్లిఫర్డ్ భార్య అతని చెయ్యి లాగుతోంది, బండి వైపు. వ్యాను కనిపిస్తుంటే దానికి వీపు చూపించి సముద్రానికి ఎదురు నడవమంటే ఎవరు నడుస్తారు? నాకే ఒళ్ళు జలదరించింది, అక్కడ పుట్టినదాన్ని.

"మీరే లెక్క తప్పారు. ఇప్పుడు మీ మాట వినమంటారా?" అన్నాడు క్లిఫర్డ్. అరవలేదు. అరిచినా బాగుండేది.

మార్సలి టోపీ తీసేసింది. నెరిసిన జుట్టు గాలికి మొహం మీద పడుతోంది. "మీకు భయమేస్తోందా?" అంది.

"వేస్తోంది."

"నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి వేస్తోంది. ఇక్కడికి కోడలుగా వచ్చిన రెండో రోజు నుంచి. ఈ ఇసుకలో దిగిన ప్రతిసారీ చచ్చిపోతాననుకున్నాను. నిన్న రాత్రి నేను అన్నం తినలేదు, కావాలంటే ఆమెనడగండి." నన్ను చూపించింది. "భయపడి భయపడి దీన్ని అంగుళం అంగుళం పొడిచి చూశాను. గడియారం లెక్క తప్పొచ్చు సార్. నా భయం మాత్రం ఎన్నడూ తప్పలేదు. అది అటు నడవమంటోంది. నేను పోతున్నాను."

తిరిగి చూడకుండా నడిచింది.

మొదట కదిలింది గుద్రున్. కట్టు కట్టిన వేలితో కర్ర పట్టుకుని, కుంటుకుంటూ ఆమె వెనకే వెళ్ళింది. ఆ తరువాత నర్సులు, కొత్త జంట. చివరికి క్లిఫర్డ్ భార్యను భుజం చుట్టూ పట్టుకుని కదిలాడు. నేను ఆఖరున. అర కిలోమీటరు ఎంతసేపు పట్టిందో తెలీదు. ఎడమ పక్క పాయ పారుతున్న చప్పుడు, కాళ్ళ కింద నురగ. అప్పటిదాకా పొడిగా ఉన్న ఇసుక అడుగు వేస్తే నీళ్ళు కక్కుతోంది. నా చెవుల్లో ఒకటే మాట: నువ్వే చేశావు, నువ్వే చేశావు.

రేవు దగ్గర మార్సలి అటూ ఇటూ చూసింది. వెనక ఓరసే మీద రాళ్ళ కుప్ప, ముందు చర్చి పైకప్పు, రెండూ ఒక గీతలోకి వచ్చేదాకా నాలుగడుగులు జరిగింది. "ఒకరి నడుము పట్టీ ఒకరు పట్టుకోండి. కాలు ఎత్తి వెయ్యొద్దు, ఈడ్వండి. అందరూ?"

"ఒకటి." "రెండు." "మూడు." "నాలుగు." "ఐదు." "ఆరు." "ఏడు."

"ఎనిమిది," అన్నాను.

దిగాం. చలికి ఊపిరి ఆగిపోయింది. మోకాళ్ళు, తొడలు. ప్రవాహం మమ్మల్ని లోపలికి, లోతు వైపుకు నెడుతోంది. పది అడుగులకొకసారి మార్సలి "అందరూ?" అంటోంది, ముందు నుంచి అంకెలు వస్తున్నాయి. సగం దాటాక ఒక అల నడుము దాకా లేచింది.

"అందరూ?"

"ఒకటి." "రెండు." "మూడు." "నాలుగు."

ఐదు రాలేదు.

గుద్రున్ కర్ర నీళ్ళ మీద పోతోంది. ఆవిడ తల కనిపించలేదు. వెనక ఉన్న క్లిఫర్డ్ చెయ్యి ఇంకా ఆవిడ నడుము పట్టీ మీదే ఉంది, అతను వదల్లేదు. ఎడమ చేత్తో కాలరు దొరకబుచ్చుకుని పైకి లాగాడు. మొత్తం మనిషిని చంకలో ఇరికించుకున్నాడు. ఆవిడ దగ్గి, నీళ్ళు కక్కి, ఊపిరి తీసుకుంది.

"అందరూ?" అంది మార్సలి మళ్ళీ. గొంతు చీరుకుపోయింది. అంకెలు మొదటి నుంచి రావాలి, ఆమె ఒప్పుకోదు.

"ఐదు," అంది గుద్రున్ ఆఖరికి, పసిపిల్ల పలికినట్టు.

నీళ్ళు తొడలకు దిగాయి, మోకాళ్ళకు, చీలమండలకు. రాళ్ళు తగిలాయి. గట్టు మీద నుంచి మా పొరుగు నీల్ ట్రాక్టరేసుకుని రావడం కనిపించింది. తన ఇంటి కిటికీలోంచి మమ్మల్ని చూసి, తీరరక్షణ వాళ్ళకు ఫోను చేసి మరీ వచ్చాడు. దుప్పట్లు కప్పి ట్రాక్టరు తొట్టిలో అందరినీ వ్యాను దగ్గరికి చేర్చాడు. మార్సలి ఆ తొట్టిలో కూర్చోలేదు, పక్కనే నడిచింది.

వ్యాను దగ్గర దుప్పట్లలో అందరూ వణుకుతుంటే, తీరరక్షణ జీపు రావడం చూశాను. పుస్తకం అడుగుతారు, పలక చూస్తారు. పలక మీద రెండు వరసలు, రెండు రకాల అక్షరాలు. ఎవరు ఏది రాశారో చిన్నపిల్లలు కూడా చెప్తారు. నోరు తెరవాలనుకున్నాను. వదినా, నేనే చెప్తాను అని. ఊరు ఏం పేరు పెడుతుందో అన్న భయం, అంత సముద్రంలోంచి బతికి బయటపడ్డాక కూడా, నన్ను ఆపేసింది.

మార్సలి వ్యాను ఎక్కింది. పలక ముందు నిలబడింది. తడిసిన చొక్కా చేతితో ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచేసింది. నా పక్కనుంచే దిగి, జీపు దగ్గరికి నడిచింది.

"ఆటు టైము ఎవరు చూశారు?" అని అడిగాడు ఆఫీసరు.

"నేనే చూశాను, నేనే కలిపాను. ఒకసారి కలిపి మర్చిపోయి మళ్ళీ కలిపాను. ముసలిదాన్నయ్యాను."

ఆమె చేత ముసలిదాన్నని అనిపించినవాళ్ళు అప్పటిదాకా పుట్టలేదు.

వారం తిరగకుండా పేరు వచ్చింది. రెండు గంటల మార్సలి. పర్యాటకులెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. క్లిఫర్డ్ ప్రతి క్రిస్మస్‌కూ కార్డు పంపేవాడు, కింద 'ఆరు' అని మాత్రం రాసి. కానీ మార్సలి ఇక ఎవరినీ ఇసుకలోకి దింపలేదు. రెండేళ్ళకు వ్యాను అమ్మేసింది. అంత భయపడి, అంత కష్టపడి నేర్చుకున్న విద్య ఆ రోజుతో ముగిసిపోయింది. మేమిద్దరం ఒకే పొయ్యి దగ్గర తొమ్మిదేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. నేనెత్తితే బాగుండునని ఎదురు చూసిందో లేదో తెలీదు. ఎప్పుడు ఆమె గొంతు సవరించుకున్నా ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని భయపడేదాన్ని. ఆమె పాలు ఉన్నాయా అనో, పొయ్యిలో కాల్చే పీటు మట్టి గడ్డలు తడిశాయా అనో అడిగేది. "గంట కలిపావా" అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

మట్టి చేసి వచ్చాక ఇంట్లో టీ ఇస్తున్నాను. ముప్ఫై మంది దాకా ఉన్నారు. నీల్ కప్పు అందుకుంటూ, మంచిగానే, "రెండు గంటల మార్సలికి ఎంత మంది వచ్చారో చూశావా," అన్నాడు.

"నీల్, ఆ రెండు గంటల్లో ఒకటి నాది," అన్నాను.

ముందు అర్థం కాలేదు వాళ్ళకు. కెటిలు కింద పెట్టి అంతా చెప్పాను. ఆరు పొట్లాలు, నా మంట, పలక, నా అక్షరాలు, తడి చొక్కా చెయ్యి. చెప్పడం మధ్యలో ఆపలేదు.

"పదకొండేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నీల్.

"భయం."

"దేనికి? నీకు పేరు పెడతామనా?"

"అవును."

"పెట్టేవాళ్ళమే," అన్నాడు.

మంగళవారం షాపుకు వెళ్ళాను. నాకోసం తీసిపెట్టిన రొట్టె పొట్లం మీద షాపు అమ్మాయి పెన్సిలుతో 'ఒక గంట షోనా' అని రాసింది. నేను చూస్తానని అనుకోలేదేమో, సిగ్గుపడింది. పర్వాలేదమ్మా అన్నాను. పదకొండేళ్ళు నేను వణికింది ఆ మూడు మాటలకు. చేతిలోకి తీసుకుంటే రొట్టె బరువే ఉంది.

దారిలో నీల్ కనిపిస్తే ఆపి అడిగాను. ఒక గంట నా లెక్కలోకి వచ్చేసింది కదా, మార్సలికి ఒకటి తగ్గించి పిలవండి, లేదా పేరే తీసెయ్యండి అని.

నీల్ తల అడ్డంగా ఊపాడు. "పెట్టడమే తెలుసు షోనా. తియ్యడం మాలో ఎవరికీ రాదు," అన్నాడు.